చిక్కిపోతున్న నూనె ప్యాకెట్టు

వంటనూనె ప్యాకెట్టు మీద బొమ్మ మారలేదు, రంగు మారలేదు. కొట్లో ఇప్పటికీ "లీటరు ప్యాకెట్టు" అనే అడుగుతాం, అదే అనుకుని తెచ్చుకుంటాం. వెనక్కి తిప్పి చూస్తే కొన్నింటి మీద 850 గ్రాములు, కొన్నింటి మీద 800 గ్రాములు అని ఉంటుంది. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. తగ్గింది ఎక్కడికి పోయినట్టు?

ఫలానా సరుకులు ఫలానా తూకాల్లోనే ప్యాక్ చేయాలని తూనికలు, కొలతల నిబంధనల్లో ఒక పట్టిక ఉండేది. 2021 సవరణలో కేంద్రం దాన్ని ఎత్తేసింది. బదులుగా గ్రాముకు ఎంత పడుతుందో ముద్రించమంది. వినడానికి బాగానే ఉంది. లెక్క వేసి చూడండి. ఉదాహరణకు 910 గ్రాముల ప్యాకెట్టు 142 రూపాయలు, 850 గ్రాములది 139 రూపాయలు అనుకుందాం. రెండోది మూడు రూపాయలు చవక అనిపిస్తుంది. కిలో లెక్కన మొదటిది 156 రూపాయలు, రెండోది 163 రూపాయల 50 పైసలు. కానీ కిలోకు తక్కువ ఉన్న ప్యాకెట్టు మీద గ్రాము ధర రెండు దశాంశాలకే వేస్తారు కాబట్టి రెండింటి మీదా 0.16 అనే ఉంటుంది! ఏడున్నర రూపాయల తేడా ఆ అంకెలో కనబడదు. అందుకే ధరను వెయ్యితో హెచ్చవేసి గ్రాములతో భాగించండి. ఫోన్లో అర నిమిషం పని. అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్టుకూ ఇదే మందు.

తూకం సంగతి ఇలా ఉంటే, లోపలి సరుకు ఎప్పుడో మారింది. శెనక్కాయ పండించే రాయలసీమ పల్లెల్లో కూడా ఇవాళ పొయ్యి మీద కాగేది చాలా ఇళ్లలో పామోలినే. రుచి మారి జనం అటు వెళ్లలేదు. 1994లో పామోలిన్ దిగుమతికి తలుపులు తెరిచినప్పుడు సుంకం 65 శాతం. 1998 నాటికి అది 15 శాతానికి దిగింది. రేషన్ కొట్లో కూడా అదే నూనె పోశారు. మన కాయలు అమ్ముకుని ఇండోనేషియా, మలేషియా నూనె కొనుక్కోవడం అలవాటైంది. కూలి చేసుకునే ఇల్లు చవక నూనె కొంటే తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు.

తప్పు విధానానిది. ముడి పామ్, సోయా, సన్‌ఫ్లవర్ నూనెల మీద 2024 సెప్టెంబరులో 20 శాతం మూల సుంకం వేశారు. తొమ్మిది నెలలు తిరక్కుండానే, 2025 మే చివర, 10 శాతానికి కోశారు. ఇందులో దెబ్బ శెనగ రైతు ఒక్కడిదే కాదు. గెలల ధర ముడి పామాయిల్ ధరతో ముడిపడి ఉంది కనుక పెదవేగి, అశ్వారావుపేట వైపు ఆయిల్‌పామ్ రైతుకూ తగులుతుంది. దిగుమతి సుంకం తగ్గినప్పుడు వినియోగదారుకు మేలు అన్నారు. ప్యాకెట్టు చిక్కిపోయాక ఆ మేలులో ఎంత ఆమె గిన్నెలోకి వచ్చిందో ఎవరు చూస్తున్నారు?

2025-26కి శెనక్కాయ మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. క్వింటాలు కాయలు ఒలిస్తే 70 కిలోల దాకా గింజ, ఆడిస్తే సుమారు 28, 30 కిలోల నూనె, మిగతాది పశువులకు చెక్క. యార్డులో ఆ ధర రానప్పుడు ఇంటి ఏడాది అవసరానికి సరిపడా కాయలు ఉంచుకుని ఊళ్లోనే ఆడించుకోవడం చాలామందికి గిట్టుతుంది. గానుగ దగ్గర లేని మండలాల్లో రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు చిన్న మిల్లులు ఇప్పించాలని, వంటనూనెకు పాత తూకాల పట్టిక తిరిగి తేవాలని, ప్యాకెట్టు మీద కిలో ధరే పెద్ద అక్షరాల్లో వేయించాలని మండల కమిటీలు ఈ నెల వినతిపత్రాల్లో చేర్చాలి.