పెరట్లో అరటి - స్నానాల నీళ్లతోనే!

మీ పెరట్లో అరటి చెట్టు ఉందా? కోనసీమ అక్కయ్యలు ఇదీ ఒక ప్రశ్నేనా అని నవ్వుతారేమో గానీ, మా ఆస్పరిలో అడిగితే వింతగా చూస్తారు. మాది పత్తి, జొన్న పండే నల్లరేగడి. చైత్రం వచ్చిందంటే నేల నెర్రెలిస్తుంది.

నా పుట్టిల్లు మహానంది పక్క. అక్కడన్నీ అరటి తోటలే. పెళ్లయిన కొత్తలో మూడు చక్కెరకేళి పిలకలు తెచ్చి, బుద్ధిలేక ఎండాకాలంలోనే నాటాను. "తాగేకే నీళ్లు చాలకుంటే చెట్టుకెక్కడివే?" అని అత్తగారు అన్నా వినలేదు. కొళాయి వచ్చేదే నాలుగు రోజులకొకసారి. అందులోంచే దొంగతనంగా ఒక బిందె పోసేదాన్ని. ఒకనాడు ఇంటికి చుట్టాలొస్తే కుండలో చుక్క నీళ్లు లేవు. ఆ రోజు ఆమె ముందు తలెత్తలేకపోయాను. పిలకలూ బతకలేదు.

2020లో తాడిపత్రి నుంచి అరటి ప్రత్యేక రైల్లో ముంబయి రేవుకు వెళ్లిందని విన్నాక మళ్లీ ఆశ పుట్టింది. వాళ్లవీ మనలాంటి ఎండలే కదా! వాళ్లకు డ్రిప్పు ఉంది. మనకు స్నానాల గది ఉంది.

ఈసారి బొంత అరటి పెట్టాను. కూరకాయే అయినా నీటి ఎద్దడికి చక్కెరకేళి కన్నా బాగా ఓర్చుకుంటుంది. తొలకరి పడ్డాక నాటండి, వేసవికల్లా వేరు ఊనుకుంటుంది. సన్నగా కత్తిలాంటి ఆకులున్న పిలకనే ఎంచండి, వెడల్పాకులవి చూపుకే. అడుగున్నర గుంత తీసి, సగం దిబ్బ ఎరువు కలపండి. ఇంటికి తూర్పు గోడ పక్కనైతే పడమటి ఎండ తగలదు, ఆషాఢం గాలికి ఆకులు మరీ చీలిపోవు.

మండుటెండల్లో ఒక్క చెట్టే రోజుకు 20 లీటర్ల దాకా తాగుతుంది. అందుకే ఒకటి చాలు. స్నానాల నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు చిన్న కాలువ తీసి పాదుకు మళ్లించాను. బట్టల సోడా, సబ్బుపొడి నీళ్లు మాత్రం వద్దమ్మా! నేల చౌడుబారుతుంది, ఆకుల అంచులు మాడతాయి. నీళ్లు నిలిచినా దుంప కుళ్లుతుంది. పాదు నిండా వేరుశనగ పొట్టు జానెడు మందాన పరిస్తే తడి త్వరగా ఆరదు. పక్క పిలకలు కోసేస్తూ, గెల వేశాక ఒక్కదాన్ని వదలండి. మధ్యాహ్నం ఆకులు ముడుచుకున్నాయని కంగారుపడి బిందె ఎత్తకండి. తడి పోకుండా అవి చేసుకునే పనే అది. సాయంత్రానికీ విచ్చుకోకపోతేనే నీళ్లు చాలలేదని అర్థం.

14 నెలలకు గెల దిగింది. పువ్వుతో వడలు, కాయతో వేపుడు చేశాను. బోదెను ముక్కలు చేసి పాదులోనే వేశాను, అందులోని నీరు పిలకకు దక్కుతుందని.

మొన్న పక్కింటామె పిలక అడిగింది. ఇచ్చింది మా అత్తగారే. ఇస్తూ ఆమెను అడిగింది: "మీ స్నానాల నీళ్లు యాడికి పోతాయమ్మా?"