మిగిలిపోయిన వాషర్ ఎవరిది?

పాత బండి కార్బురేటర్ విప్పి, కడిగి, మళ్లీ బిగించాక రేకు డబ్బా అడుగున ఓ చిన్న వాషరో, స్ప్రింగో మిగిలిపోవడం మెకానిక్ షెడ్లలో కొత్త సంగతేమీ కాదు. 2016లో నల్లగొండ నుంచి విడిపడి సూర్యాపేట జిల్లాలో చేరిన మా తిరుమలగిరిలోనూ అంతే! 1996లో తయారీ ఆగిపోయిన యమహా ఆర్‌ఎక్స్ 100లు, అదే ఏడాది మూతపడిన మైసూరు ఐడియల్ జావా వారి యెజ్డీలు, పాత బుల్లెట్లు జనగామ రోడ్డు మీద ఇంకా అప్పుడప్పుడూ కనబడతాయి. వాటిని నమ్మకంగా విప్పగల చేతులే తగ్గిపోతున్నాయి. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు అమల్లోకొచ్చాక కొత్త బైకుల్లో కార్బురేటర్ స్థానంలోకి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చేసింది. ఇప్పుడు పని నేర్చుకునే కుర్రాడికి కార్బురేటర్‌తో పరిచయం తక్కువ. అందుకే ఏదైనా మిగిలితే, ‘బండి స్టార్టయింది కదన్నా, ఇది ఎక్స్‌ట్రా’ అనేస్తాడు.

నా అభ్యంతరం ఆ మాట మీదే. బండి స్టార్టయినంత మాత్రాన లోపల అన్నీ ఉన్నట్టు కాదు.

గాలి, పెట్రోలు పాళ్లు సరిచేసే చిన్న స్క్రూనే తీసుకోండి. దానికో స్ప్రింగ్ ఉంటుంది. కొన్ని కార్బురేటర్లలో ఆ స్ప్రింగ్ కింద కాగితమంత పల్చటి వాషర్, దాని కింద రబ్బరు ఓ-రింగ్ కూడా ఉంటాయి. స్క్రూ ఊడదీస్తే స్ప్రింగ్ దాంతోపాటు వచ్చేస్తుంది కానీ, ఆ రెండూ లోపలే అంటుకుని ఉండిపోతాయి. గాలి కొట్టి శుభ్రం చేస్తుంటే ఎక్కడికో ఎగిరి పడతాయి. అవి లేకుండా బిగిస్తే ఆ సందులోంచి గాలి దొంగతనంగా లోపలికి చొరబడుతుంది. అయినా బండి నడుస్తుంది! పూర్తిగా యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు పెట్రోలు మెయిన్ జెట్ గుండా వెళ్తుంది కాబట్టి రోడ్డెక్కితే దౌడు తీస్తుంది. తేడా తెలిసేది నెమ్మదించినప్పుడే. పశువులు అడ్డొచ్చి ఆపినచోట, ఇంటి ముందు నిలబెట్టినచోట ఇంజన్ దానంతటదే ఆగిపోతుంది. ఫ్లోట్ వాల్వు సీటు కింది వాషర్ మరిచిపోతే సంగతి ఇంకోలా ఉంటుంది, రాత్రంతా పెట్రోలు బొట్టుబొట్టుగా కారుతుంది.

అలాగని మిగిలిన ప్రతి ముక్కా లోపానికి గుర్తేమీ కాదు. రిపేర్ కిట్లలో రెండు మూడు మోడళ్లకు పనికొచ్చే వాషర్లు కలిపి పెడతారు, కొన్ని మిగలాల్సిందే. ముందు చేసిన మెకానిక్ ఒకటికి రెండు వేసి ఉండొచ్చు కూడా. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది, అది పాత రబ్బరుకు సరిపడదు. ఉబ్బిపోయిన ఓ-రింగ్ దాని గాడిలో కూర్చోదు, తీసి పారేయాల్సిందే. కానీ ఆ గాడిని ఖాళీగా వదలకూడదు, కొత్తది వేయాలి. మంచి మెకానిక్ ఏం చేస్తాడంటే, విప్పిన వరుసలోనే పాతగుడ్డ మీద పేరుస్తాడు, మిగిలిన ముక్కను బండి యజమానికి చూపించి ఇదెక్కడిదో చెబుతాడు. తెలియకపోతే పార్టుల పుస్తకంలో బొమ్మ చూసి మళ్లీ విప్పుతాడు. దానికి మరో గంట పడుతుంది, ఆ గంటకు కూలి ఎవరూ ఇవ్వరు.

ఇలాంటి పనే సంఘాల్లో ఏటా జరుగుతుంది, సభ్యత్వ రిజిస్టరు సవరణ అంటాం. రెండేళ్లుగా చందా కట్టనివారు, ప్రభువు బల్లకు రానివారు, ఉపాధి కోసం హైదరాబాద్ వెళ్లి తిరిగిరానివారు... వీరి పేర్లు కొట్టేసి శుభ్రమైన కొత్త జాబితా రాసుకుంటాం. ‘ఆరాధన బాగానే జరుగుతోంది కదా అయ్యగారూ’ అంటారు పెద్దలు. నిజమే, జరుగుతోంది. క్రిస్మస్‌కు, ఈస్టర్‌కు, సువార్త మహాసభలకు మన సంఘాలు జోరుగానే నడుస్తాయి. మామూలు మంగళవారం సాయంత్రం ఒక ఇంట్లో మనిషి మంచం పట్టినప్పుడు ఎవరొస్తున్నారో చూడాలి. పిలవకుండానే వచ్చి, రోగి కాళ్లు పట్టి ప్రార్థించే ముసలి విధవరాలి పేరు చందా బాకీ కింద పోయి ఉంటుంది. కొడుకు పట్నంలో ఆటో నడుపుతాడు, ఆమె పింఛను మందులకే సరిపోదు. రేపు ఆమె కన్నుమూస్తే సమాధుల తోటలో స్థలం కోసం శవాన్ని ఆపి రిజిస్టరు తిరగేసే పరిస్థితి! అలాంటి తగువులు మన ప్రాంతపు పాస్టర్లలో చాలామందికి తెలిసినవే.

అయిదువేలమంది తిన్న తర్వాత మిగిలిన ముక్కలను పన్నెండు గంపలకు ఎత్తారని నాలుగు సువార్తలూ చెబుతాయి. అయితే వాటిని పోగుచేయమని యేసుప్రభువే ఆజ్ఞాపించాడన్న సంగతి మాత్రం యోహాను ఒక్కడే రాశాడు. ఒక్క ముక్క కూడా వృథా కాకూడదన్నాడాయన. ఆ చోట గ్రీకులో ఉన్న క్రియ ‘అపొల్లుమి’. అదే అధ్యాయంలో కాస్త ముందుకెళితే, తండ్రి తనకప్పగించిన వారిలో ఎవరినీ పోగొట్టుకోనని ప్రభువు చెప్పినచోట మళ్లీ అదే క్రియ! మన తెలుగు బైబిల్లో రెండుచోట్లా వేర్వేరు మాటలుండటంతో ఈ చుట్టరికం కంటికి ఆనదు. రొట్టెముక్కకు వాడిన మాటనే మనిషికీ వాడాడు యోహాను. అంతమంది కడుపులు నిండాక ఆ ముక్కలు లేకపోతే ఏమిటని ఏ శిష్యుడైనా అడిగి ఉంటే ఆశ్చర్యం లేదు.

రిజిస్టరు సవరించవద్దని నేననడం లేదు. చనిపోయినవారు, మరో సంఘంలో చేరినవారు, రెండుసార్లు నమోదైనవారు ఉంటారు, అవి తీసేయాల్సిన పేర్లే. క్రమశిక్షణ అవసరమైన సందర్భాలూ ఉంటాయి, వాటికి వేరే పద్ధతి ఉంది. నేను అడుగుతున్నది ఒక్కటే. చందా పుస్తకం చూసి కమిటీ గదిలో కూర్చుని పేరు కొట్టేయకండి. కొట్టేయాలనుకున్న ప్రతి పేరుకూ ఇద్దరు పెద్దలు ఇంటికి వెళ్లి, ఏం తెలిసిందో రాసి తేవాలి. ఇళ్లు తాళాలేసి ఉంటాయన్న సాకు వింటూనే ఉన్నాం. పత్తి తీతల రోజుల్లో వెళితే ఉంటాయి మరి! పట్నం వెళ్లినవారు క్రిస్మస్‌కు ఊరొస్తారు, చాలామంది కొత్త సంవత్సరపు ఆరాధన దాకా ఉంటారు. డిసెంబర్‌లోనే ముగించే సవరణను జనవరి చివరికి జరిపితే, ఆ వారం రోజుల్లో వాళ్లను వాళ్ల ఇంట్లోనే కలవొచ్చు.