లైను వేసేవారు రైతును అడగవద్దా?

పొలంలో ముందు కనిపించేది టవరు కాదు, సర్వే వాళ్లు పాతిన మేకు. ఒకనాటి ఉదయం మడికి నీళ్లు పెట్టడానికి వెళ్లిన రైతుకు గట్టు పక్కన అది కనిపిస్తుంది. ఎవరు పాతారో తెలియదు. పక్క చేను వారిని అడిగితే, ఎవరో కొలతల వాళ్లు వచ్చిపోయారంటారు. కొన్నాళ్లకు జె.సి.బి. వస్తుంది. గుంత తీస్తారు, కాంక్రీటు పోస్తారు. అప్పుడు గాని తన చేనులోంచి హైటెన్షన్ లైను పోతున్నదని రైతుకు తెలియదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో పెద్ద లైన్ల కింద భూమి పడ్డ రైతుల గోడు క్లుప్తంగా ఇదే.

కరెంటు వద్దనే రైతు ఈ ప్రాంతంలో లేడు. సాగర్ ఎడమ కాలువ నీరు అందని మెట్టలో బోరే దిక్కు. బోరుకు కరెంటే ప్రాణం. రాత్రిపూట వచ్చే కరెంటు కోసం టార్చిలైటు పట్టుకుని మోటారు దగ్గర కాపలా పడుకున్న రోజులు పెద్దవారికి ఇంకా గుర్తే. 2018 జనవరి 1 నుంచి రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు పథకం మొదలైనప్పుడు సంతోషించిన వారిలో ఈ రైతులూ ఉన్నారు. దామరచర్ల మండలం వీర్లపాలెం వద్ద యాదాద్రి థర్మల్ కేంద్రానికి 2015లో శంకుస్థాపన జరిగింది. ఒక్కొక్కటి 800 మెగావాట్ల చొప్పున 5 యూనిట్లు, మొత్తం 4000 మెగావాట్లు. అంత కరెంటు పుట్టినచోటనే ఉండిపోదు. 400 కె.వి. లైన్ల మీద బయటికి పోవాలి. ఆ లైన్లు ఎవరో ఒకరి పొలం మీదుగా పోక తప్పదు. ఈ సంగతి రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. లైను మేలు ఊరందరిదీ అయినప్పుడు నష్టం ఒక్కడిదే ఎందుకు కావాలని మాత్రమే అతను అడుగుతున్నాడు.

నష్టం ఎంతో లెక్క చూస్తే తెలుస్తుంది. 400 కె.వి. డబుల్ సర్క్యూట్ లైనుకు 46 మీటర్ల వెడల్పు దారి కావాలి. అంటే కిలోమీటరు పొడవున 11 ఎకరాలకు పైగా భూమి తీగల కింద పడుతుంది. 765 కె.వి. డబుల్ సర్క్యూట్ లైనుకైతే వెడల్పు 67 మీటర్లు, కిలోమీటరుకు 16 ఎకరాల పైమాట. రెండెకరాల చదరపు చెక్క మధ్యగా 400 కె.వి. లైను పోతే అందులో సుమారు ఎకరం తీగల కిందిదే. పెద్ద కమతం వాడికి ఇది దెబ్బ. రెండెకరాల వాడికి ఇది బతుకు.

తీగల కింద వరి పండించుకోవచ్చుగా అంటారు. నిజమే, వరి పండుతుంది. కాని బోరు ఎండితే కొత్త బోరు వేయడానికి రిగ్గు బండి అక్కడ నిలబెట్టరాదు. ఎత్తుగా పెరిగే చెట్టు ఉంచనివ్వరు. కొట్టం వేసుకోవాలన్నా, రేపు కొడుకు ఇల్లు కట్టుకోవాలన్నా కుదరదు. ఆడపిల్ల పెళ్లికి అర ఎకరం అమ్ముదామంటే, కొనవచ్చినవాడు ముందు పైకి చూసి తర్వాత ధర అడుగుతాడు. పట్టా రైతు పేరనే ఉంటుంది, పాసు పుస్తకం అతని పెట్టెలోనే ఉంటుంది. విలువ మాత్రం తీగల వెంట పోతుంది. ఇది భూసేకరణ కాదు గనుక భూమి పోయినవారికి వచ్చే హక్కులేవీ ఇతనికి రావు.

టెలిగ్రాం పోయింది, చట్టం మిగిలింది

లైను వేసేవారికి ఇంత అధికారం ఎక్కడిది? 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం నుంచి. తంతి స్తంభాలు పాతడానికి తెల్లదొరలు చేసుకున్న చట్టమది. అప్పటికి ఈ పల్లెల్లో కరెంటు దీపమే లేదు. 2003 విద్యుత్ చట్టం 164వ సెక్షన్ ఆ అధికారాలనే హైటెన్షన్ లైన్లకు అప్పగించింది. 2013 జూలైలో దేశంలో టెలిగ్రాం సర్వీసు మూతబడింది. 2023లో కొత్త టెలికం చట్టం వచ్చి పాత దాన్ని రద్దు చేసింది. అయినా కరెంటు లైన్ల మట్టుకు పాత చట్టంలోని మూడో భాగం అమలులోనే ఉంటుందని అందులో రాసుకున్నారు. ఈ చట్టం కింద లైను వేయడానికి భూయజమాని ముందస్తు అనుమతి అవసరం లేదని 2016లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. రైతు అడ్డుపడితే కలెక్టరు ఉత్తర్వు తెచ్చుకుంటారు. ఆ తర్వాత కూడా అడ్డుపడితే నేరమవుతుంది.

అయితే అదే చట్టంలో రైతు పక్షం మాటలూ ఉన్నాయి. వీలైనంత తక్కువ నష్టం చేయాలి, జరిగిన నష్టానికి పూర్తి పరిహారం ఇవ్వాలి అని 10వ సెక్షన్ చెబుతోంది. ఇచ్చినది చాలదనుకుంటే జిల్లా జడ్జి దగ్గరకు పోవచ్చునని 16వ సెక్షన్ చెబుతోంది. కేరళ విద్యుత్ బోర్డు కేసులో 2007లో సుప్రీంకోర్టు మరో మాట చెప్పింది. భూమి ఎక్కడుంది, లైను దాని మధ్యగా పోతున్నదా ఓరగా పోతున్నదా, విలువ ఎంత తగ్గింది అన్నవన్నీ చూసి పరిహారం కట్టాలన్నది. మొదటి సంగతి పోలీసు జీపు వచ్చి చెబుతుంది. రెండో సంగతి చెప్పడానికి ఎవరూ రారు.

రెట్టింపు దేనికి?

2015 అక్టోబరులో కేంద్ర విద్యుత్ శాఖ టవరు కాళ్ల కింది భూమికి విలువలో 85 శాతం, తీగల కింది భూమికి 15 శాతం వరకు ఇవ్వాలని మార్గదర్శకాలు ఇచ్చింది. 2024 జూన్‌లో వాటిని పెంచి 200 శాతం, 30 శాతం చేసింది. వినడానికి బాగానే ఉంది. కాని 200 శాతం దక్కేది కాళ్ల మధ్య ఉన్న కొద్ది గుంటలకు. ఎకరాల లెక్కన పోయే తీగల కింది భూమికి 30 శాతమే. అదీ ఏ ధర మీద? రిజిస్ట్రేషన్ ఆఫీసు ధర ఒకటి, ఊళ్లో అమ్మకం ధర మరొకటి అని అందరికీ తెలిసిందే. తక్కువ ధరను రెట్టింపు చేసినా తక్కువే అవుతుంది. పైగా రాష్ట్రాలు ఈ మార్గదర్శకాలను పూర్తిగానో కొంతగానో అనుసరించవచ్చునట. దాంతో ఒకే ఊళ్లో ఒక కంపెనీ లైనుకు ఒక రేటు, మరో సంస్థ లైనుకు మరో రేటు అయ్యే ప్రమాదం ఉంది.

పోరాడితే కొంత ఫలితం ఉంటుందని ఇతర రాష్ట్రాలు చూపాయి. తమిళనాడు కొంగు ప్రాంత రైతులు 2018లో టవర్లకు వ్యతిరేకంగా నిరాహార దీక్షలకు కూర్చున్నారు. 2021లో ప్రారంభమైన పుగలూరు – త్రిశూర్ లైనును కేరళలో కొంత దూరం భూమిలో కేబులుగానే వేశారు. ప్రతి లైనునూ అలా పూడ్చడం కుదరదు, ఖర్చు ఎన్నో రెట్లు. కాని దారి వెతకాలన్న మనసుంటే దారి దొరుకుతుందని అది చెబుతోంది.

ఇప్పటికైనా ప్రభుత్వం చేయవలసిన పనులు పెద్దవేమీ కావు. మేకు పాతకముందే సర్వే నంబర్లతో సహా లైను పటాన్ని తెలుగులో పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి. గ్రామసభ పెట్టి రైతు మాట వినాలి. పోరంబోకు, బాట వెంబడి పోయే వీలున్నచోట చిన్న చెక్కల నడుమ నుంచి పోరాదు. అమ్మకం ధర చూసి విలువ కట్టి, తీగలు లాగకముందే డబ్బు చేతికివ్వాలి.

రైతులూ ఒక సంగతి గమనించాలి. పంట నష్టం, చెట్ల నష్టం భూమి పరిహారంలో కలిసేవి కావు, అవి వేరు. గుంత తీసినప్పుడు, టవరు నిలిపినప్పుడు, తీగలు లాగినప్పుడు ఏ పంట ఎంత పోయిందో ఆ రోజే రాయించుకోవాలి. ఫొటో తీయించుకోవాలి. ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేయరాదు. మేస్త్రీతో తగువు పడితే కేసు మిగులుతుంది. పదిమందీ కలిసి కలెక్టరుకు అర్జీ పెట్టి రసీదు తీసుకుంటే ఆ రసీదు రేపు కోర్టులో పలుకుతుంది.

ఊళ్లకు వెలుగు తెచ్చే లైను ఒక రైతు ఇంటిని చీకటి చేయరాదు. అధికారులు ఈ మాత్రం గ్రహిస్తే గుంతల దగ్గర పోలీసులతో పని ఉండదు.