సూదిబెజ్జానికి ఉరిశిక్షా?

అమెరికాలో తరచుగా వినబడే ఉచిత సలహాల్లో "చిల్లి పడిందా? పారేసి ఇంకోటి కొనుక్కో" అన్నది అగ్రగణ్యం. చెప్పులతో, గొడుగులతో మొదలైన ఈ సూత్రం ఇప్పుడు పెరట్లో పెట్టుకునే వేడినీళ్ళ తొట్టిదాకా వచ్చింది. గాలి ఊది నిలబెట్టే హాట్ టబ్ గురించే నేను చెబుతున్నది. సూదిమొనంత బెజ్జానికి అంత పెద్ద వస్తువును చెత్తకుప్పకు పంపడం అవివేకమనీ, అలా పంపమనే వ్యాపారపద్ధతి అన్యాయమనీ, దాన్నే హోదాగా భావించే మన మనస్తత్వం అంతకన్నా విచారకరమనీ నా వాదన.

ఈ తొట్టిని చూడనివారి కోసం రెండు మాటలు. పిల్లలు వేసవిలో ఆడుకునే గాలితొట్టికి ఇది పెద్దన్నగారు. గోడలు పీవీసీ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. వాటి లోపలి బోలులో గాలి నింపితే నిటారుగా నిలబడతాయి. పక్కన ఒక పెట్టె. నీటిని తిప్పే పంపు, వేడిచేసే హీటరు, వడపోసే ఫిల్టరు అందులోనే ఉంటాయి. నలుగురైదుగురు కూర్చునే తొట్టిలో 800 నుంచి 1000 లీటర్ల నీరు పడుతుంది. నీటివేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటకుండా కట్టడి ఉంటుంది. 2020లో జనమంతా ఇళ్ళకే పరిమితమైనప్పుడు అమెరికా, బ్రిటన్‌లలో వీటికి గిరాకీ విపరీతంగా పెరిగింది. గట్టి తొట్టెలు వేల డాలర్లు పలుకుతుంటే ఇవి కొన్ని వందల్లో దొరుకుతాయి. చౌకగా దొరికింది కాబట్టి చులకనగా పారెయ్యవచ్చునన్న ఆలోచన అక్కడే పుట్టింది.

మా తొట్టి గోడ కూడా ఒక శరదృతువులో తెల్లవారేసరికి మెత్తబడటం మొదలుపెట్టింది. వారంటీ ఉంది కదా అని తయారీదారుకు రాశాను. వచ్చిన జవాబు సారాంశమిది: గోడకు మరమ్మతు లేదు, కొత్తది పంపుతాం; అయితే ముందుగా పాతదాన్ని కత్తెరతో అడ్డంగా కోసి, ఆ కోత స్పష్టంగా కనబడేలా ఫొటో తీసి పంపండి. ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివాను. నా నిజాయితీకి రుజువుగా, బాగుచెయ్యదగిన వస్తువును నా చేతులతోనే నాశనం చెయ్యాలట! నేను కొయ్యలేదు. ఆ సాయంత్రమే సబ్బునీళ్ళతో వెతికితే వాల్వుకు జానెడు దూరంలో, అతుకు పక్కన చిల్లి దొరికింది. ప్యాచ్ వేశాను. ఆ తరవాత రెండు చలికాలాలు గడిచాయి, గోడ గట్టిగానే ఉంది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఇలా కోయించడానికి వ్యాపారులు చెప్పే కారణంలో కొంత న్యాయం లేకపోలేదు. మంచి తొట్టిని దగ్గర పెట్టుకుని, చెడిపోయిందని చెప్పి రెండోది ఉచితంగా రాబట్టుకునే ఘనులు ఉంటారు. పాతదాన్ని వెనక్కి తెప్పించుకోవాలంటే రవాణా ఖర్చు తడిసిమోపెడవుతుంది. అంతవరకు ఒప్పుకుంటాను. కానీ మోసగాణ్ణి ఆపడానికి అందరి తొట్టెలనూ కోయించడం ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమే. ఇంతకన్నా తేలికైన దారి వారి చేతిలోనే ఉంది. మొదట ఒక ప్యాచ్, ఒక జిగురు గొట్టం, చిల్లి వెతికే విధానం ముద్రించిన ఒక కాగితం పంపండి. అదీ ఫలించకపోతే అప్పుడు కొత్తదాని సంగతి మాట్లాడండి. కవరులో పట్టే సరంజామా అది. ఇందులో ఇంకో వింత కూడా ఉంది. ఈ తొట్టెల్లో చాలావాటికి పెట్టెలోనే ప్యాచ్ ముక్క ఒకటి పెట్టి ఇస్తారు. అమ్మేటప్పుడు అతుకు వెయ్యవచ్చునని ముక్క ఇచ్చినవారే, చిల్లి పడ్డాక మరమ్మతు లేదంటే ఏమనాలి?

"అసలు చిల్లి ఎక్కడుందో కనిపెట్టడం అసాధ్యం" అన్నది రెండో వాదం. కనిపెట్టడానికి ఒక పద్ధతి ఉందని తెలియనివారి మాట అది. మొట్టమొదట పోతున్నది గాలా, నీరా అన్నది తేల్చుకోవాలి. రెండూ వేరు వేరు జబ్బులు. గోడ మెత్తబడితే గాలి. గోడ గట్టిగా ఉండి నీటిమట్టం తగ్గుతుంటే నీరు.

గాలి విషయంలో తొందరపడి తీర్పు చెప్పకూడదు. పగలు 30 డిగ్రీల ఎండలో నింపిన గాలి రాత్రి 5 డిగ్రీలకు చల్లబడిందనుకోండి. రవ్వంత గాలి కూడా బయటికి పోకుండానే దాని ఘనపరిమాణం ఇంచుమించు 8 శాతం తగ్గుతుంది. గోడ మెత్తబడిందని కంగారుపడి పారేసిన తొట్టెల్లో అసలు చిల్లే లేనివి ఎన్నో! నాలుగు రోజులు వరసగా ఒకే వేళకు, ఒకే వాతావరణంలో చూస్తే నిజం తెలుస్తుంది. నిజంగా పోతోందని తేలితే ముందుగా అనుమానించవలసింది వాల్వును. దాని మూత కింద ఇసుకరేణువు ఇరుక్కున్నా, బిగింపు కాస్త వదులైనా గాలి కారుతుంది. ఆ తరవాత అతుకులు. చివరగా గోడ. పాత్రలు తోమే సబ్బు నాలుగు చుక్కలు నీళ్ళలో కలిపి స్పాంజితో రాస్తే, గాలి పోయే చోట నురగ బుడగలు కడుతుంది. పంక్చరు షాపులో ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగల కోసం చూసే కుర్రవాడి విద్యే ఇది. ట్యూబును తొట్టిలో ముంచగలం, తొట్టిని ముంచలేం కాబట్టి నీళ్ళను దాని దగ్గరికే తీసుకువెళుతున్నాం, అంతే తేడా.

నీరు పోతుంటే మరో పద్ధతి. ముందు కరెంటు ప్లగ్గు తీసెయ్యాలి. తడి నేల మీద విద్యుత్తుతో చెలగాటం వద్దు. నీటిమట్టం దగ్గర టేపు ముక్క అంటించి, మూత కప్పి ఒక రోజు ఆగాలి. పంపు నడుస్తున్నప్పుడు మాత్రమే నీరు తగ్గుతుంటే, పంపుకూ తొట్టికీ మధ్యనున్న గొట్టాల బిగింపులనూ, వాటిలోని రబ్బరు వాషర్లనూ చూసుకోవాలి. ఆపేసినా తగ్గుతుంటే తొట్టి లోపలి పొరలో ఎక్కడో రంధ్రం ఉన్నట్టు. అప్పుడు నీటిని తగ్గనిస్తే సరి. ఏ మట్టం దగ్గర అది తనంతట తాను ఆగిపోతుందో, చిల్లి ఆ ఎత్తులోనే ఉంటుంది. ఆ చుట్టుకొలత మీద వెతికితే చాలు. పరిశోధనాలయం అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు.

మూడో వాదం అన్నిటికన్నా ప్రచారం పొందినది: "అతుకు వేస్తే నిలవదు." నిలవని అతుకులను నేనూ చూశాను. అవి నిలవకపోవడానికి కారణం వేరు. మనవారిలో చాలామంది సైకిలు ట్యూబుకు వాడే సొల్యూషనే దీనికీ పూస్తారు. ఆ సొల్యూషన్ రబ్బరు కోసం పుట్టింది. గంధకంతో రబ్బరును గట్టిపరిచే వల్కనీకరణాన్ని చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనిపెట్టాడు. ట్యూబు మీద ప్యాచ్ పట్టుకోవడం వెనకనున్నది ఆ రసాయనశాస్త్రమే. పీవీసీ రబ్బరు కాదు. పెళుసుగా ఉండే ఆ ప్లాస్టిక్‌ను మెత్తగా వంగేట్టు చెయ్యడం 1926లో వాల్డో సెమన్ అనే అమెరికన్ శాస్త్రవేత్తకు సాధ్యపడింది. దానికి దాని జాతి జిగురే కావాలి. వినైల్ జిగురులోని ద్రావకం రెండు ఉపరితలాలనూ పైపైన కరిగిస్తుంది. ద్రావకం ఆరిపోయాక రెండూ ఒకదానిలోకి ఒకటి కలిసిపోయి ఒకే పొర అవుతాయి. దుకాణంలో దొరికే క్షణాల జిగురు గాజులా బిగుసుకుని, గోడ వంగగానే పెళ్ళలూడుతుంది. వెండిరంగు టేపు వేడికీ తేమకూ జారిపోతుంది. మందు మార్చి వేసి రోగి దక్కలేదని వైద్యశాస్త్రాన్ని తిట్టడం భావ్యమా?

పద్ధతిగా వేసే అతుకుకు నాలుగు నియమాలున్నాయి. గోడలో గాలి తీసెయ్యాలి, లేకపోతే తడి జిగురును చీల్చుకుని గాలి వచ్చేస్తుంది. చిల్లి చుట్టూ జిడ్డు, క్లోరిన్ మరకలు స్పిరిటుతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. ముక్క గుండ్రంగా ఉండాలి. మూలలున్న ముక్క మూల దగ్గరే లేస్తుంది. అంటించాక బరువు పెట్టి ఒక పూర్తి రోజు వదిలెయ్యాలి. ఈ నాలుగోదే మనకు చేతకానిది. రెండు గంటలకే గాలి కొట్టి, ఊడిపోగానే "చెప్పానా!" అంటారు.

అన్ని జబ్బులకూ ఇదే మందని నేను చెప్పడం లేదు. ఈ తొట్టెల గోడ లోపల రెండు పొరలనూ పట్టి ఉంచే అడ్డపట్టీలో, వేలాది దారాలో ఉంటాయి. గోడ తన ఆకారంలో నిలబడేది వాటివల్లే. ఎండలో గాలి వ్యాకోచించి అవి తెగిపోతే గోడ ఒకచోట కంతిలా ఉబ్బుతుంది. దానికి పైనుంచి వేసే అతుకు పనికిరాదు. ఏళ్ళ తరబడి ఎండకూ క్లోరిన్‌కూ పీవీసీ బిరుసెక్కి, తాకిన చోటల్లా పగులుతుంటే అదీ అంతే. వాటికి వీడ్కోలు చెప్పవలసిందే. నా తగాదా బతికించదగినవాటి గురించి.

ఇక లెక్కల మేధావులు చెప్పే వాదం. "నీ గంట సంపాదన ఎంత? ఒక సాయంత్రమంతా చిల్లి వెతకడంలో తగలేశావంటే కొత్త తొట్టి ఖరీదులో సగం పోయినట్టే కదా!" ఈ లెక్కలో ఒక పద్దు రాయడం మరచిపోయారు. పారేసిన తొట్టి ఎక్కడికి వెళుతుందన్నది ఆ పద్దు. పీవీసీ ప్లాస్టిక్ వర్గాల్లో 3వ సంఖ్యది. ఇక్కడ ఇంటిముందు పెట్టే రీసైక్లింగ్ డబ్బాలో దాన్ని సాధారణంగా తీసుకోరు. తగలబెడితే హైడ్రోజన్ క్లోరైడు వాయువూ, సరిగ్గా కాలకపోతే డయాక్సిన్ల వంటి విషాలూ వెలువడతాయి. మిగిలింది పూడ్చిపెట్టడం. నేలలో అది మనకన్నా ఎక్కువ కాలం ఉంటుంది. ఆ ఖర్చు రశీదు మీద కనబడదు కాబట్టి లేదనుకుంటున్నారు. కట్టేవారు వేరే ఉన్నారు, వారిలో కొందరింకా పుట్టలేదు.

ప్రభుత్వాలకు ఈ సంగతి కొంత తెలిసివచ్చింది. వస్తువులు ఎంతవరకు బాగుచెయ్యదగినవో అంకెల్లో చూపించాలని ఫ్రాన్స్ 2021 నుంచి కొన్ని ఎలక్ట్రానిక్, గృహోపకరణాల విషయంలో నిబంధన పెట్టింది. న్యూయార్క్ రాష్ట్రం 2022లో, కాలిఫోర్నియా 2023లో మరమ్మతు హక్కు చట్టాలు చేశాయి. భారత ప్రభుత్వం 2022 డిసెంబరులో అందుకోసం ఒక పోర్టల్ తెరిచింది. ఐరోపా సమాఖ్య 2024లో ఒక ఆదేశం వెలువరించింది. సంతోషమే. అయితే వీటి చూపంతా ప్రధానంగా ఫోన్లు, వాషింగ్ మెషీన్లు, ఫ్రిజ్‌ల వంటి వాటి మీదే ఉంది. ఐరోపా వారి జాబితాలో గాలితొట్టి ఊసే లేదు. చిప్పున్న వస్తువుకు దొరికిన హక్కు చిల్లున్న వస్తువుకు ఎందుకు దొరకదని అడుగుతున్నాను. గోడను విడిగా, పంపును విడిగా అమ్మాలి. జిగురు ఏ జాతిదో పుస్తకంలో రాయాలి. వారంటీలో మొదటి మెట్టు మరమ్మతు కావాలి. కోసి ఫొటో పంపమనే నిబంధనను నిషేధించాలి. ఈ నాలుగింటిలో దేనికీ కొత్త శాస్త్రపరిశోధన అవసరం లేదు.

చివరగా మనవాళ్ళ సంగతి. తొట్టికి అతుకు వేశానని చెబితే ఒక పెద్దమనిషి నవ్వి, "ఇంత దూరం వచ్చి ఇంకా ఆ బుద్ధులు పోలేదా?" అన్నారు. ఏ బుద్ధులు? చిల్లిపడ్డ బిందెలకు మాట్లు వేయించుకున్న ఇళ్ళలోంచి, చిరిగిన చొక్కాకు మాసిక వేసి బడికి పంపిన తల్లుల చేతుల్లోంచి వచ్చినవాళ్ళం మనం. ఆ రోజులను బంగారుకాలమని పొగడను. అప్పటి మరమ్మతు చాలావరకు లేమి వల్ల చేసినది. మాట్లు వేసినవాడికి దక్కిన కూలి అంతంతమాత్రమే, గౌరవం అంతకన్నా తక్కువ. లేమి పోయినందుకు సంతోషించాలి. దానితో పాటు నేర్పునూ వదిలించుకోవడం దేనికి? లేమి ఉన్నప్పుడు చేసినది తప్పనిసరి. కలిమి వచ్చాక కూడా చేస్తే అది మనం ఎంచుకున్న విలువ. చిన్న లోపం కనబడగానే మొత్తాన్ని వదిలించుకోవడం గొప్పతనమని పిల్లలకు నేర్పుతున్నాం. ఆ పాఠాన్ని వాళ్ళు వస్తువులకే పరిమితం చేస్తారన్న పూచీ ఎవరిస్తారు?

కాబట్టి ఈ చలికాలంలో మీ తొట్టి గోడ మెత్తబడితే కత్తెర కోసం వెతక్కండి. సబ్బునీళ్ళు కలపండి.