దేవరకొండ బస్సెక్కండి.. రెజ్యూమెలో రాసుకోండి

ఫ్రెషర్ల రెజ్యూమెలు చూస్తే చాలామంది ప్రాజెక్టు ఒకటే.. లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్. దాని గురించి ఇంటర్వ్యూలో అడగడానికి ఏముంటుంది? ఈ ఆదివారం ఎంజీబీఎస్‌లో దేవరకొండ బస్సెక్కండి. పద్మనాయక రాజుల ఖిల్లా ఊరిని ఆనుకునే, ఏడు కొండల నడుమ ఉంది. దర్వాజాలు, బురుజులు, కూలిన గోడలు.. ఫోన్‌లో జీపీఎస్ ఆన్ చేసి నడిచిన దారంతా రికార్డు చేయండి. ఇంటికొచ్చి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గీయండి. ఫొటోలు వికీమీడియా కామన్స్‌లో పెట్టండి. రెండూ ఫ్రీనే. ఎవరు, ఏ రోజు, ఏం మార్చారో అక్కడ రికార్డు ఉంటుంది. నన్నడిగితే కోచింగ్ సర్టిఫికెట్ కన్నా ఇదే గట్టి సాక్ష్యం.

తర్వాతి వారం డిండి రిజర్వాయర్, లేదంటే నేరేడుగొమ్ము వైపు సాగర్ బ్యాక్‌వాటర్ ఒడ్డున వైజాగ్ కాలనీ. రీల్స్‌లో నీళ్లు, చేపల ఫ్రై కనిపిస్తాయి గానీ తిరుగు బస్సు ఎన్నింటికో, లోతు ఎక్కడుందో చెప్పేవాళ్లు తక్కువ. (ఈత రానివాళ్లు నీళ్లలో దిగొద్దు, బతిమాలుతున్నా.) ఆ వివరాలు డిపోలో, ఊళ్లో అడిగి తెలుగులో చిన్న వెబ్ పేజీ చేయండి. ‘ఇది టూరిజం కదా?’ అంటారేమో. డేటా ఎలా సేకరించావు, తప్పుంటే ఎలా పట్టుకున్నావు అని ఇంటర్వ్యూలో అడిగితే, జవాబు మీరు సొంతంగా చేసిన పనిలోంచే వస్తుంది.

ఖిల్లాకు మాత్రం పొద్దున్నే వెళ్లండి. నీళ్ల బాటిల్ మరవొద్దు.