206 గుర్తుంటే సరిపోదు!

గ్రూప్స్‌కో, డీఎస్సీకో ప్రిపేరవుతున్న ఎవరినైనా అడగండి, మనిషి శరీరంలో ఎముకలెన్ని అని. 206 అని టక్కున చెప్పేస్తారు. పొడవైనది తొడ ఎముక, చిన్నది చెవిలోని కర్ణాంతరాస్థి అని కూడా కలుపుతారు. బాగుంది. ఇప్పుడు ఇంకో రెండు ప్రశ్నలు వేయండి. అప్పుడే పుట్టిన బిడ్డలో 300 దాకా ఉండే ఎముకలు పెద్దయ్యేసరికి 206 ఎలా అయ్యాయి? అంత పొడవు మెడ ఉన్న జిరాఫీకీ, మనకీ మెడలో ఎముకలు ఏడేసి ఎందుకున్నాయి? చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

విషయం సూటిగా చెప్పుకుందాం. అస్థిపంజరాల పాఠాన్ని మనం బిట్ల మూటలా చదువుతున్నాం. నిజానికి అది 54 కోట్ల ఏళ్లకు పైగా నడుస్తున్న ఒకే కథ. కథగా అర్థం చేసుకుంటే బిట్లు వాటంతటవే గుర్తుంటాయి. ఉద్యోగంలో పనికొచ్చే ఆలోచనా అలవడుతుంది.

కథ ఒక సమస్యతో మొదలవుతుంది. మెత్తటి ఒంటికి ఆకారం నిలవాలి, కండరాలు లాగడానికి ఆసరా కావాలి. దీనికి వానపాము చూపిన దారి నీళ్లే. ద్రవాన్ని నొక్కితే కుదించుకుపోదు కాబట్టి, కండరం ఒకవైపు బిగిస్తే ఒళ్లు ఇంకోవైపు సాగుతుంది. పుస్తకాల్లో హైడ్రోస్టాటిక్ స్కెలిటన్ అన్నది ఇదే. కీటకాలు, రొయ్యలు, పీతలది ఇంకో దారి. ఇవి కైటిన్‌తో ఒంటిపైనే కవచం కట్టుకున్నాయి. రక్షణ దొరికింది కానీ దానికో ధర ఉంది. కవచం ఒంటితోపాటు పెరగదు. పెరగాలంటే పాతది విడిచేయాలి, కొత్తది గట్టిపడేదాకా ప్రాణం అరచేతిలో పెట్టుకోవాలి. మూడో దారి మనది. ఎముక లోపల ఉంటుంది, ప్రాణంతో ఉంటుంది, ఒంటితోపాటు పెరుగుతుంది, విరిగితే అతుక్కుంటుంది.

మరి చీమ ఏనుగంత ఎందుకు పెరగదు? గెలీలియో 1638లో ప్రచురించిన పుస్తకంలోని లెక్కతో దీన్ని అర్థం చేసుకోవచ్చు. ఒక జంతువు పొడవు, వెడల్పు, ఎత్తు రెండింతలైతే బరువు ఎనిమిదింతలవుతుంది. ఆ బరువు మోసే ఎముక అడ్డుకోత మాత్రం నాలుగింతలే. అందుకే పెద్ద జంతువుల ఎముకలు పొడవుతో పోలిస్తే మరింత లావుగా ఉండాలి. ఏనుగు కాళ్లు స్తంభాల్లా ఉన్నది అందుకే. అదే లెక్క చీమ కవచానికి వేసి చూడండి, జవాబు మీకే వస్తుంది.

ఇప్పుడు మొదటి రెండు ప్రశ్నలకు వద్దాం. పెరిగేకొద్దీ కొన్ని ఎముకలు కలిసిపోతాయి. నడుము కింద విడివిడిగా ఉండే ఐదు వెన్నుపూసలు ఒకే ఎముకగా మారడం అలాంటిదే. జిరాఫీ మెడలో ఎముకల సంఖ్య పెరగలేదు, ఒక్కో ఎముక సాగింది. స్లాత్, మనాటీ లాంటి ఒకటి రెండింటిని మినహాయిస్తే క్షీరదాలన్నిటికీ పూర్వీకుల నుంచి వచ్చిన లెక్క ఏడే. పరిణామం కొత్త సామాను తెప్పించదు, ఉన్నదాన్నే మలుస్తుంది. మన చేయి, గబ్బిలం రెక్క, తిమింగలం తెడ్డు మూడింట్లోనూ భుజాస్థి, రత్ని, అరత్ని ఉన్నాయి. ఇంకో వింత ఏమిటంటే, మన చెవిలోని కూటకం, దాగలి ఒకప్పుడు సరీసృపాల్లాంటి పూర్వీకుల దవడ కీలులోని ఎముకలు. 1837లోనే జర్మన్ శాస్త్రజ్ఞుడు రైకెర్ట్ పిండాలను పరిశీలించి ఈ సంబంధాన్ని పట్టుకున్నారు.

‘ఇవన్నీ పరీక్షలో వస్తాయా?’ అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఇంట్లో వాళ్లు ఉద్యోగం ఎప్పుడని అడుగుతుంటే, చేతిలో ఉన్న నాలుగు నెలల్లో కథలు చదివే తీరిక ఎక్కడిది? కానీ నేరుగా సంఖ్య అడిగే ప్రశ్నకు అందరూ జవాబు రాస్తారు. ర్యాంకు తేలేది రెండు వాక్యాలిచ్చి ఏది సరైందో చెప్పమనే ప్రశ్నల దగ్గర. ‘సొరచేపది మృదులాస్థి. కాబట్టి దాని పూర్వీకులకు ఎముక లేదు’ అని ఇస్తే? మొదటి వాక్యం నిజం. రెండోది అంత తేలిక కాదు. మంగోలియాలో దొరికిన సుమారు 41 కోట్ల ఏళ్ల నాటి చేప శిలాజం పుర్రెలో ఎముక ఉందని 2020లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అంటే సొరచేపల వంశం ఉన్న ఎముకను తర్వాత పోగొట్టుకుని ఉండొచ్చు.

ఇక ఉద్యోగం మాట. బీజెడ్‌సీ చదివితే ఏముంది అనేవాళ్లు భీమవరం, కైకలూరు వైపు రొయ్యల చెరువుల దగ్గరికి వెళ్లి చూడాలి. వనామి గుల్ల విడిచినప్పుడు మెత్తగా ఉంటుంది, తోటి రొయ్యలే దాన్ని తినేస్తాయి. ఆ సమయంలో ఆక్సిజన్ ఎక్కువ కావాలి, కొత్త గుల్ల గట్టిపడటానికి నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఉండాలి. మినరల్స్ ఎప్పుడు చల్లాలి, ఏరియేటర్లు ఎప్పుడు తిప్పాలి అన్నది రైతుకు లక్షల రూపాయల వ్యవహారం. అది చెప్పగలిగే టెక్నీషియన్ చదివింది కీళ్లపాదుల బాహ్య అస్థిపంజరం పాఠమే. ఫిజియోథెరపీ, రేడియాలజీ, పశువైద్యం కూడా ఈ పాఠం మీదే నిలబడ్డాయి.

ప్రశ్నతో వెతకడం ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి టిక్టాలిక్ చాలు. చేపలు నేల మీదికి వచ్చిన దశ ఏ కాలం నాటి రాళ్లలో దొరకాలో నీల్ షుబిన్ బృందం ముందే ఆలోచించింది. కెనడా ఆర్కిటిక్‌లో ఏళ్ల తరబడి వెతికింది. 2004లో ఎల్స్‌మియర్ దీవిలో సుమారు 37.5 కోట్ల ఏళ్ల నాటి ఆ శిలాజం దొరికింది. దాని రెక్కలో మన చేతి ఎముకల పోలిక ఉంది, చేపలకు లేని మెడా ఉంది.

బిట్లు వదిలేయమని ఎవరూ అనరు. రోజుకో బిట్ తీసుకుని, పక్కన ‘ఎందుకు?’ అని రాసి, రెండు వాక్యాల్లో జవాబు మీ మాటల్లో రాయండి. పది నిమిషాల పని. ఈసారి కోచింగ్ పని మీద హైదరాబాద్ వస్తే బిర్లా సైన్స్ మ్యూజియానికి వెళ్లండి. ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర దొరికిన కోటసారస్ డైనోసార్ అస్థిపంజరం అక్కడ నిలబడి ఉంటుంది. ఎన్ని ఎముకలున్నాయో లెక్కపెట్టకండి. కాళ్లు అలా ఎందుకున్నాయో చూసి రండి.