దోషమునకు ఒక పుట

విద్యార్థి మిత్రులకును, కళాశాల సంఘపు పెద్దలకును మా విన్నపము.

మా కంప్యూటరు ప్రయోగశాల రికార్డు పుస్తకములను ఎవరైనను తిరగవేసి చూడవచ్చును. ప్రతి అభ్యాసమునకును ఉద్దేశము, ప్రోగ్రాము, ఫలితము అని మూడు శీర్షికలుండును. ఫలితము ఎల్లప్పుడును సరియైనదే. ఒక్క పుస్తకములోనైనను తప్పు కానరాదు. ప్రయోగశాలలో జరిగినది అది కాదని మాకును తెలియును, మా అధ్యాపకులకును తెలియును. రెండు గంటలు తప్పుతో పెనుగులాడి, చివరకు ప్రక్కవారి పుస్తకము చూచి ఫలితము వ్రాసుకొనిన దినములు మాలో ప్రతి ఒక్కరికిని కలవు. ఆ రెండు గంటల చదువునకు రికార్డులో చోటు లేదు. ఇది సరికాదని మా అభిప్రాయము. ఎందుకు సరికాదో ఒక ఉదాహరణముతో మనవి చేసెదము.

లినక్స్ అను ఆపరేటింగ్ సిస్టమును 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించెను. ప్రోగ్రాములకు మెమరీని పంచిపెట్టు దాని గర్భభాగమునకు కెర్నెల్ అని పేరు. కెర్నెల్ లోపల ఏ పని ఎప్పుడు జరిగినదో వ్రాసియుంచు చిట్టా వంటి సాధనము ఎఫ్‌ట్రేస్. ఉర్దూ మిత్రులు దీనిని రోజ్‌నామ్చా అనవచ్చును. స్టీవెన్ రోస్టెడ్ట్ రచించిన ఈ సాధనము 2008లో కెర్నెల్‌లో చేరెను. చిట్టా వ్రాతకు మెమరీ పుటలను వలయముగా కూర్చుదురు. సాధారణముగా ఒక్కొక్క పుట 4,096 బైట్లు. వలయము ఎంత పెద్దదిగా ఉండవలెనో వాడువారే కోరవచ్చును.

చిక్కు ఇచ్చటనే వచ్చెను. మెమరీ పూర్తిగా అయిపోయినచో కెర్నెల్ నడుచుచున్న ప్రోగ్రాములలో ఒకదానిని ఎన్నుకొని చంపివేయును. చిట్టా కొరకు అంతటి హాని కలుగరాదని, ఖాళీ పుట వెంటనే దొరకకున్న ప్రయత్నము మానుకొనవలెనని తొలుత నియమము పెట్టిరి. అది మరీ కఠినమైనది. మెమరీలో అధికభాగము ఫైళ్ల నకళ్లతో నిండియుండును. వానిని తొలగించి చోటు చేయవచ్చును. ఆ వీలున్నను చిట్టాకు మెమరీ దొరకకపోయెడిది. 2017లో జోయెల్ ఫెర్నాండెజ్ ఆ నియమమును సడలించి, మరికొంత గట్టిగా ప్రయత్నించి, అప్పటికిని దొరకకున్న విరమించునట్లు దిద్దెను. 1 జీబీ మెమరీ గల యంత్రముపై పరీక్షించి, యంత్రము నిలకడగానే ఉన్నదని చూచెను.

అయినను ఆ దిద్దుబాటులో మరొక దోషము దాగియుండెను. దానిని మన గుంటూరు కోల్డ్ స్టోరేజీతో పోల్చి చెప్పవచ్చును. ఒక ఆసామి వేయి టిక్కీల మిరపకాయలతో వచ్చినాడనుకొందము. లోపల ఎంత చోటున్నదో అడుగకయే ఒక్కొక్క టిక్కీ దింపించుచు పోయెను. ఎనిమిది వందలకే గోదాము నిండెను. మొత్తము పట్టనిచో అన్నింటిని వెనుకకు తీసికొనిపోవుటకు అతడు సిద్ధమే. అతని మనసులో దురుద్దేశము లేదు. కాని గోదాము నిండియున్న ఆ కొద్ది క్షణములలోనే పది టిక్కీలతో పెదకాకాని నుండి వచ్చిన చిన్నరైతు చోటు లేక నష్టపోయెను. ఎఫ్‌ట్రేస్ చేసినదియు అదియే. అది పుట వెంట పుట తీసికొనుచు మెమరీనంతను నింపివేయును. చివరకు విఫలమై అన్నింటిని తిరిగి ఇచ్చివేయును. ఈ లోపల ఒక్క పుట కోరిన వేరొక ప్రోగ్రాము వలన చంపివేయు ప్రక్రియ మొదలగును. తప్పు ఒకరిది, శిక్ష మరొకరిది.

2018లో రోస్టెడ్ట్ దీనిని సరిచేసెను. ఒక్క పుటనైనను తీసికొనక పూర్వమే, అందుబాటులో ఎంత మెమరీ కలదో లెక్క అడుగవలెను. చాలనిచో కోరికను మొదటనే నిరాకరించవలెను. ఆ లెక్కయు అంచనాయే గనుక రెండవ ఏర్పాటును చేసెను: ఈ నడుమ మెమరీ అయిపోయినచో, పెద్ద చిట్టా కోరిన ప్రోగ్రామే ముందుగా బలి కావలెను, ఇతరులు కారాదు.

ఇందు మాకు మిక్కిలి నచ్చినది పరిష్కారము కాదు, దానితోపాటు భద్రపరచిన వివరణ. మొదటి నియమమును ఎందుకు పెట్టిరి, అది ఎచ్చట కఠినమైనది, రెండవది ఎచ్చట చాలకపోయినది అను క్రమమంతయు అందు వ్రాసియున్నది. ఎవరిని నిందించలేదు, ఏదియు దాచలేదు. లోకమంతయు వాడు కెర్నెల్‌ను నిర్మించువారు తమ తప్పులను తేదీలతో సహా బహిరంగముగా ఉంచుకొనుచుండగా, పది పంక్తుల ప్రోగ్రాము వ్రాయు మేము ఎన్నడును తప్పు చేయనివారివలె రికార్డు వ్రాయుచున్నాము!

అందుచేత మా కోరిక ఇది. ప్రతి అభ్యాసమునకు పిదప దోషమునకు ఒక పుట కేటాయింపుడు. ఏ తప్పు కనబడెను, కారణమని ముందు ఏమి ఊహించితిమి, పరీక్షించగా ఏమి తేలెను, ఏమి దిద్దితిమి, ఆ దిద్దుబాటు వలన క్రొత్తగా ఏమి చెడెను అని అందు వ్రాసెదము. దానికిని మార్కులుండవలెను. ఆ పుటను కూడ ప్రక్కవారి నుండి ఎత్తి వ్రాయుదురని కొందరనవచ్చును. నిజమే, కాని తాను వెదకని దోషమును గూర్చి రెండు ప్రశ్నలకు జవాబు చెప్పుట ఎవరి వలనను కాదు. దిద్దువారికి శ్రమ పెరుగుననుటయు నిజమే. ఆ శ్రమకు తగిన ఫలము కలదని మా నమ్మకము.

మాలో పెక్కుమంది ప్రత్తి, మిరప పండించు ఇండ్ల నుండి వచ్చినవారము. 2021లో నల్ల తామరపురుగు తోటలపై పడినప్పుడు మా తండ్రులు పూవులను విప్పి పురుగును వెదకిరే గాని, చేను పచ్చగానే ఉన్నదని ఎవరికిని చెప్పలేదు. తప్పును విప్పి చూచు ఆ అలవాటును ఇంటినుండి తెచ్చుకొనిన మేము, కళాశాల వాకిట దానిని వదలి లోనికి రానక్కరలేకుండ చేయుడని పెద్దలను ప్రార్థించుచున్నాము.